ఏది ముందు, ఏది వెనక: ఆ వరుస ఎవరి చేతిలో ఉండాలి?

2015 ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే సేవను మన దేశంలో మొదలుపెట్టినప్పుడు, తొలి విడతకు ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. రిలయన్స్ సిమ్ ఉన్నవాళ్లు డేటా ఖర్చు లేకుండా ముప్పైకి పైగా వెబ్‌సైట్లు చూసుకోవచ్చునని ప్రకటించారు. ఆ జాబితాలో ఫేస్‌బుక్ ఉంది, వికీపీడియా ఉంది, వెతుక్కోవడానికి బింగ్ ఉంది. గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు. కొన్ని నెలల తర్వాత, విమర్శలు పెరిగాక, ఎవరైనా చేరవచ్చునంటూ తలుపులు తెరిచారు. అయితే చేరే సైటు ఫేస్‌బుక్ పెట్టిన సాంకేతిక నిబంధనలకు లోబడాలి, దాని రాకపోకలు ఫేస్‌బుక్ సర్వర్ల గుండా సాగాలి. అదే ఏడాది సెప్టెంబరులో ఈ సేవ పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది.

ఆ ఏడాది దేశంలో జరిగిన వాదోపవాదాలను నేను ఆసక్తిగా గమనించాను, టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్‌కు ఉత్తరం రాసిన లక్షలమందిలో నేనూ ఒకణ్ణి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వివాదం దగ్గరికే తిరిగి వెళ్లడానికి కారణం ఉంది. ప్రజలకు ఏ సమాచారం కనపడాలో పెద్ద సాంకేతిక సంస్థలు నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్నను మనం సూటిగా ఎదుర్కొని, స్పష్టమైన జవాబు ఇచ్చిన సందర్భం నాకు తెలిసినంతలో అదొక్కటే. ఆ జవాబు సగమే అమలైందని, మిగతా సగం మాట ఎవరూ ఎత్తడం లేదని నా అభిప్రాయం.

ఫేస్‌బుక్ వాదం అంత తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. 2015 డిసెంబరు చివర మార్క్ జుకర్‌బర్గ్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో రాసిన వ్యాసంలో ఫ్రీ బేసిక్స్‌ను గ్రంథాలయంతో పోల్చారు. గ్రంథాలయంలో ప్రపంచంలోని పుస్తకాలన్నీ ఉండవు, అయినా దానివల్ల ఎంతో మేలు జరుగుతుంది కదా అన్నది ఆయన తర్కం. అసలు ఇంటర్నెట్టే లేనివాడికి కొంత ఇంటర్నెట్ దొరకడం మంచిదే కదా అన్న మాటకు, నెలకు ఒక జీబీ డేటా కొనడానికి వెనకాడే రోజుల్లో, బదులు చెప్పడం కష్టమే. అయితే గ్రంథాలయాల గురించి తెలుగువాళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్ని నిలబెట్టింది చదివేవాళ్లే, లేదా చదివించాలని తపనపడిన ఊరివాళ్లే. ఏ పుస్తకం తెప్పించాలో ఊరికి తెలిసిన మనుషులు నిర్ణయించేవారు, వాళ్లను నిలదీయడానికి ఎవరికైనా వీలుండేది. పుస్తకాలు అన్నీ లేకపోవడం గ్రంథాలయానికి లోపం కాదు. ఏవి ఉండాలో నిర్ణయించేవాడు పాఠకుడికి అందనంత దూరంలో ఉంటే అది లోపం.

ట్రాయ్ 2015 డిసెంబరులో సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడిగినప్పుడు, ఫేస్‌బుక్ తన వినియోగదారుల తెరల మీదే ముందుగా రాసిపెట్టిన సందేశాన్ని ఉంచి, ఒక్క నొక్కుతో ట్రాయ్‌కు పంపించే ఏర్పాటు చేసింది. ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు ఆ సందేశంలో జవాబులు లేవు. అర్థవంతంగా సాగవలసిన సంప్రదింపులను మీరు మోటుగా తలలు లెక్కపెట్టే, వెనకుండి నడిపించిన ఓటింగుగా మారుస్తున్నారని ట్రాయ్ ఘాటుగా ఉత్తరం రాసింది. కోట్లమంది చూసే తెరను చేతిలో పెట్టుకున్న సంస్థ తన సొంత వ్యాపార ప్రయోజనం కోసం ఆ తెరను ఎలా వాడుకోగలదో మన ప్రభుత్వ వ్యవస్థకు స్వానుభవంలో తెలిసిన సందర్భం అదని నేననుకుంటాను. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధనలు వెలువడ్డాయి: చూసే సమాచారాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయకూడదు, ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయల చొప్పున గరిష్ఠంగా 50 లక్షల వరకు జరిమానా. మూడు రోజుల్లో ఫ్రీ బేసిక్స్ భారతదేశం నుంచి వెళ్లిపోయింది.

ఆ నిబంధన వెనకున్న సూత్రం చాలా చిన్నది, చాలా గట్టిది. దారి వేసినవాడు ఆ దారిన ఎవరు నడవాలో నిర్ణయించకూడదు. సమాచారాన్ని మోసే పని, సమాచారాన్ని ఎంచే పని ఒకే చేతిలో ఉండకూడదు.

తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా ధర నేలకు దిగింది, ఊరూరా తెర వెలిగింది. ఉచితంగా కొంత ఇంటర్నెట్ ఇస్తామన్న బేరానికి అవసరమే లేకుండా పోయింది. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొన్నది. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేదు, కాని నాలుగేళ్ల కిందట తలుపు దగ్గర ఆగిపోయినవాడు ఇంట్లోకి ఏ వైపునుంచి వచ్చాడో చూడటానికి ఆ అంకె పనికొస్తుంది. అంతకన్నా పెద్ద విషయం, తలుపు గురించి అంత పోరాడినవాళ్లం లోపల ఏం జరుగుతున్నదో పట్టించుకోలేదు. ఏ సైటుకైనా వెళ్లే స్వేచ్ఛ ప్రతివాడికీ దక్కింది. ఆచరణలో చాలామంది వెళ్లేది నాలుగైదు యాప్‌లకే, అక్కడ ఏది ముందు కనపడాలో, ఏది అడుగున పడిపోవాలో నిర్ణయించేది ఆ యాప్ యజమానే.

ఇక్కడ ఒక తొందరపాటు వాదాన్ని పక్కన పెట్టాలి. అసలు ఎవరూ ఏమీ ఎంచకూడదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా రావాలి అనడం వినడానికి బాగుంటుంది గాని అది కుదిరే పని కాదు. ఒక మనిషి రోజులో చదవగలిగినదానికి వెయ్యి రెట్లు రాత, మాట, వీడియో పుట్టుకొస్తున్నప్పుడు ఏదో ఒక వరుస ఉండి తీరాలి, వరుస ఉన్నదంటే దాన్ని పేర్చినవాడు ఉంటాడు. వార్తాపత్రికలు చేసింది ఇదే పని. తెలుగు పత్రికల్లో ఏది ఏ పార్టీ వైపు మొగ్గుతుందో, యజమాని ఎవరో, ఏ వార్త మొదటి పేజీలో ఎందుకు ఉందో, ఏది లోపలి పేజీ అడుగుకు ఎందుకు జారిందో టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా విడమరిచి చెప్పగలడు. నేను ఆ మొగ్గును సమర్థించడం లేదు. కాని అది అందరికీ కనపడే మొగ్గు. 2024 మార్చి వరకు అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ప్రతి పత్రిక ప్రతి సంచిక మీదా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు అచ్చు వేయవలసి ఉండేది, సంపాదకుడి పేరూ ఉండవలసి వచ్చేది. వలస పాలకులు ఆ చట్టం తెచ్చింది పాఠకుల మేలు కోరి కాదు, పత్రికల మీద నిఘా ఉంచడానికి. అయినా పత్రికలో అడుగున చిన్న అక్షరాలతో వచ్చే ఆ పంక్తి వల్ల, ఎంపిక చేసినవాడికి ఒక పేరు, ఒక చిరునామా ఉంటాయి.

పత్రికకు, ఫీడుకు (యాప్ తెరవగానే మన ముందు వరుసగా వచ్చే రాతలకు) నాకు కనపడే అసలు తేడా ఇంకొకటి. ఈ రోజు నేను చదివిన మొదటి పేజీనే మా పక్కింటివారూ చదివారు. ఫలానా వార్తను దాచారని నేను అంటే, ఆయన అదే పేజీ తెరిచి నాతో వాదించగలడు. ఫీడులో నాకు కనపడేది నాకే, ఆయనకు కనపడేది ఆయనకే. ఏదైనా వార్త నాకు రాలేదంటే అది అణచివేతా, నా అభిరుచుల గురించి యంత్రం వేసుకున్న లెక్కా, అసలు ఆ వార్తే లేదా అన్నది నేను తేల్చుకోలేను, ఆయనా తేల్చలేడు. వాదించడానికి ఇద్దరి ముందూ ఒకే పేజీ లేనప్పుడు పక్షపాతాన్ని నిరూపించడమూ సాధ్యం కాదు, లేదని నిరూపించడమూ సాధ్యం కాదు. ఈ సంస్థల మీద కుడివైపు నుంచీ ఎడమవైపు నుంచీ ఒకే రకమైన ఫిర్యాదు రావడానికి, రెండు ఫిర్యాదులూ ఎన్నటికీ తేలకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఆ లెక్క ఎలా ఉంటుందో అప్పుడప్పుడు బయటపడింది. 2017 ప్రాంతంలో ఫేస్‌బుక్ తన లెక్కలో మామూలు లైకు కన్నా ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, విచారం, కోపం వంటి ఎమోజీలకు ఐదు రెట్లు విలువ ఇచ్చింది. అంటే ఒక రాతకు కోపపు ముఖం ఎంత ఎక్కువగా పడితే అది అంత మందికి కనపడుతుంది. 2018 జనవరిలో మనుషుల మధ్య అర్థవంతమైన పలకరింపులను పెంచుతామని జుకర్‌బర్గ్ ప్రకటించి ఫీడును మార్చారు. వ్యాఖ్యలు, తిరిగి పంచుకోవడం ఎక్కువగా జరిగే రాతలు పైకి వచ్చాయి. ఎక్కువ వ్యాఖ్యలు ఎలాంటి రాతలకు వస్తాయో ఏ తెలుగు ఫేస్‌బుక్ గుంపులో ఒక్క వారం గడిపినవారికైనా చెప్పనక్కర లేదు. కోపపు ముఖం విలువను సున్నా చేసింది 2020 సెప్టెంబరులో. ఈ అంకెల సంగతి మనకు తెలిసింది సంస్థ చెప్పడం వల్ల కాదు, 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని లోపలి పత్రాలను బయటపెట్టడం వల్ల. ఆ పత్రాల ప్రకారం ఐరోపాలోని రాజకీయ పార్టీలు ఫేస్‌బుక్ వాళ్లకే మొరపెట్టుకున్నాయి. మీరు ఫీడు మార్చాక, తిట్టే రాతలు తప్ప మా విధానాల గురించి చెప్పే రాతలు ఎవరికీ చేరడం లేదు, కనుక మేమూ ఎక్కువగా తిట్టక తప్పడం లేదు అని. ఒక కార్యాలయంలో కొందరు ఇంజనీర్లు ఒక అంకెను మార్చితే, వేల మైళ్ల దూరంలో ఒక దేశపు రాజకీయ భాష మారింది. ఆ ఇంజనీర్లకు దురుద్దేశం ఏమీ లేదు. నాకు భయం కలిగించేదీ అదే.

ఆ పత్రాల్లోనే మన దేశానికి సంబంధించిన ఒక నివేదిక ఉంది. 2019 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పరిశోధకుడొకరు భారతీయ వినియోగదారుగా ఒక కొత్త ఖాతా తెరిచి, యంత్రం చూపించిన గుంపుల్లో చేరుతూ, అది చూపించిన పేజీలను అనుసరిస్తూ పోయారు. మరే ఎంపికా చేయలేదు. అదే నెల 14న పుల్వామా దాడి జరిగింది. మూడు వారాల్లో ఆ ఖాతాకు వచ్చినన్ని శవాల బొమ్మలను తన జీవితం మొత్తంలో చూడలేదని ఆ పరిశోధకుడు రాసుకున్నారు. తప్పుడు సమాచారాన్ని వర్గీకరించే పనికి సంస్థ కేటాయించిన సమయపు ఖర్చులో 87 శాతం అమెరికాకు, మిగతా ప్రపంచమంతటికీ కలిపి 13 శాతం అని కూడా ఆ పత్రాలు చెప్పాయి. ఆ అంకెల్లో బయటి నిజనిర్ధారణ సంస్థల పని కలవలేదని ఫేస్‌బుక్ సమాధానం చెప్పింది. ఆ సమాధానాన్ని పూర్తిగా ఒప్పుకున్నా, సంస్థ తన చూపును ఎటువైపు నిలిపిందో దాగదు. ఇంగ్లీషులో పొరపాటు జరిగితే వాషింగ్టన్‌లో సెనేటర్లు పిలిచి అడుగుతారు. తెలుగులో జరిగితే అడిగేదెవరు?

ఏది పైకి రావాలన్న లెక్క ఒక ఎత్తు, ఏది అసలే రాకూడదన్న నిర్ణయం ఇంకో ఎత్తు. 2021 ఫిబ్రవరి 18న, వార్తాసంస్థలకు డబ్బు చెల్లించాలన్న చట్టం వస్తుందని ఆస్ట్రేలియాలో ఫేస్‌బుక్ వార్తలన్నిటినీ ఆపేసింది. ఆ ఊపులో ప్రభుత్వ వాతావరణ శాఖ పేజీ, ఆరోగ్య శాఖల పేజీలు, అగ్నిమాపక సేవల పేజీలు కూడా కొంతసేపు ఖాళీ అయిపోయాయి. కరోనా టీకాలు మొదలవుతున్న వారం అది. కెనడాలో ఇలాంటి చట్టమే వచ్చినప్పుడు 2023 ఆగస్టు మొదటినుంచి ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా వార్తల లింకులను ఆపేసింది. అదే నెలలో వాయవ్య ప్రాంతంలో కార్చిచ్చు ముంచుకొచ్చి, యెల్లోనైఫ్ నగరాన్ని మొత్తంగా, సుమారు 20,000 మందిని, ఖాళీ చేయించవలసి వచ్చింది. ఏ రహదారి మూసుకుందో, మంట ఎంత దూరంలో ఉందో చెప్పే వార్తను జనం తమకు అలవాటైన చోట పంచుకోలేకపోయారు. ఆ చట్టాలు మంచివి కావని వాదించవచ్చు; లింకుకు డబ్బు అడగడం నాకూ సబబుగా తోచదు. కాని ప్రభుత్వంతో బేరం కుదరనప్పుడు ఒక దేశపు వార్తలన్నిటికీ తాళం వేయగల స్థితిలో ఒక సంస్థ ఉండటం, ఆ చట్టం మంచిచెడ్డలతో సంబంధం లేని వేరే సమస్య.

ఈ సంస్థలు చట్టం ముందు చెప్పుకొనే మాటలు కూడా విచిత్రంగా ఉంటాయి. మన ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది: ఇతరులు పెట్టిన సమాచారానికి మీరు బాధ్యులు కారు అని. ఆ రక్షణకు చట్టం చూపిన దారుల్లో ఒకటి ఏమిటంటే, మధ్యవర్తి ఆ సమాచార ప్రసారాన్ని తాను మొదలుపెట్టకూడదు, అందుకునేవారిని తాను ఎంచకూడదు, సమాచారాన్ని ఎంచడం గాని మార్చడం గాని చేయకూడదు. అందుకునేవారిని ఎంచకపోవడం! ఫీడు పొద్దున లేచింది మొదలు చేసే పని అదొక్కటే. అదే సంస్థల తరఫు వాదన అమెరికా సుప్రీంకోర్టులో మరోలా సాగింది. 2024 జులైలో వెలువడిన మూడీ, నెట్‌చాయిస్ (ఈ సంస్థల వాణిజ్య సంఘం) కేసుల తీర్పులో, ఇతరుల రాతలను ఏరి కూర్చడం కూడా సంస్థ తరఫు భావప్రకటనే కనుక దానికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని మెజారిటీ న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. బాధ్యత దగ్గర మేము మోసేవాళ్లమే, హక్కుల దగ్గర మేము సంపాదకులమే. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమనడం అన్యాయం కాదు.

అయితే ఏది కనపడాలో ఎంచే పనిని ప్రభుత్వానికి అప్పగిద్దామా అంటే, ససేమిరా అంటాను. సంస్థల మీద కోపంతో చాలామంది ఇక్కడే దారి తప్పుతారని నాకు అనిపిస్తుంది. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ప్రభుత్వం ఏదైనా సమాచారాన్ని ఆపించగలదు; ఆ ఆదేశాలు గోప్యంగా ఉండాలని 2009 నాటి నియమాల్లో పదహారవది చెబుతుంది. అంటే ఏది ఆపారో, ఎందుకు ఆపారో పాఠకుడికి చాలాసార్లు తెలిసే అవకాశమే లేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం తన గురించి వచ్చే సమాచారంలో ఏది తప్పో తానే తేల్చే నిజనిర్ధారణ విభాగానికి నియమాలు తెచ్చింది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు వాటిని కొట్టేసింది. సహయోగ్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా తొలగింపు నోటీసులు పంపే పద్ధతిని ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ సవాలు చేస్తే, 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఫీడు చేసే లెక్క గుట్టుగా ఉందని మనం ఫిర్యాదు చేసి, అంతకన్నా గుట్టుగా పనిచేసే శాఖకు దాన్ని అప్పగించడంలో లాభం లేదు. పైగా సంస్థ నచ్చకపోతే యాప్ తీసేయవచ్చు, ప్రభుత్వం నచ్చకపోతే ఐదేళ్లు ఆగాలి.

ఎవరూ ఏమీ ఎంచని చోట ఏమవుతుందో మన ఊళ్లలో చూశాం. వాట్సాప్‌లో ఫీడు లేదు, పైకి తెచ్చే యంత్రం లేదు. వచ్చిన సందేశం వచ్చిన వరుసలోనే కనపడుతుంది. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే పార్థీ ముఠా తిరుగుతున్నదన్న పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాగే పాకాయి, ముక్కూముఖం తెలియనివారి మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వార్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతా విస్తరించింది. 2020లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపే నియమం తెచ్చాక, అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని సంస్థ చెప్పింది. ఈ నిర్ణయమూ ఒక పెద్ద సంస్థ తీసుకున్నదే, అయినా దాన్ని నేను తప్పుపట్టను. ఎందుకంటే అది సందేశంలో ఏముందో చదవదు, ఎవరు రాశారో చూడదు, ఏ పార్టీదని అడగదు. వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది, అందరికీ ఒకేలా తగ్గిస్తుంది, ఆ నియమం ఏమిటో ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పగలరు. విషయాన్ని బట్టి పెట్టే అడ్డుకూ నడకను బట్టి పెట్టే అడ్డుకూ మధ్య ఉన్న ఈ తేడా చర్చల్లో కావలసినంతగా రావడం లేదు. అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊళ్లకు పంపి, పాటలు పాడించి, పుకార్లను ఎలా గుర్తుపట్టాలో జనానికి చెప్పించారు. ఏ సందేశాన్నీ ఆపించకుండా, చదివేవాడిని సిద్ధం చేశారు.

ఇక ఫీడు సంగతి. యంత్రాన్ని తీసేసి, కాలక్రమంలో చూపిస్తే చాలునని చాలామంది అంటారు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో పరిశోధకులు మెటా సహకారంతో ఈ పరీక్షే చేశారు. ఫలితాలు 2023 జులైలో సైన్స్ పత్రికలో వచ్చాయి. వేలమంది వినియోగదారుల ఫీడును మూడు నెలలపాటు కాలక్రమంలోకి మార్చితే, వాళ్ల రాజకీయ అభిప్రాయాల్లో గాని, రెండు ధ్రువాలుగా చీలిపోవడంలో గాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దురుసు భాష కాస్త తగ్గింది, కాని నమ్మదగని చోట్లనుంచి వచ్చే సమాచారం పెరిగింది, జనం ఆ యాప్‌లో గడిపే సమయం తగ్గింది. నా వాదానికి ఇది అడ్డమే కదా అని ఒక మిత్రుడు అన్నారు. కాలక్రమం ఒక మందు అని నేను చెబితే అడ్డమే. నేను అడిగేది మందు కాదు, ఏ వరుసలో చదవాలో తేల్చుకునే హక్కు. పాఠకుడి బుద్ధి బాగుపడుతుందన్న హామీ మీద ఏ హక్కునూ ఇవ్వరు. ఓటు హక్కును అలా ఇవ్వలేదు, పత్రిక నడుపుకొనే హక్కును అలా ఇవ్వలేదు.

ఆ హక్కు ఎలా ఉంటుందో తెలుగులో రాసేవాళ్లకు అనుభవపూర్వకంగా తెలుసు. తెలుగు బ్లాగులు వెలిగిన రోజుల్లో కూడలి ఉండేది, జల్లెడ ఉండేది, హారం ఉండేది, తర్వాత మాలిక వచ్చింది. రాతలు ఎవరి బ్లాగులో వారివి. వాటిని ఒకచోటికి తెచ్చి వరుసగా చూపించే సంకలినులు వేరు. ఒక సంకలిని పద్ధతి నచ్చకపోతే పాఠకుడు ఇంకొకదానికి వెళ్లేవాడు, అక్కడ కూడా అవే బ్లాగులు. ఏ సంకలినీ నచ్చనివాడు తనకు ఇష్టమైన బ్లాగుల ఫీడ్లను తానే ఒక రీడర్‌లో చేర్చుకునేవాడు. రాసినవాడు పాఠకులను పోగొట్టుకోకుండా, పాఠకుడు రచయితలను పోగొట్టుకోకుండా, మధ్యవాడిని మార్చే వీలుండేది. వాటిని నడిపింది ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో పనిచేసిన ఔత్సాహికులు. ఇది పాత రోజుల మీద మోజుతో అనే మాట కాదు. అప్పటి పాఠకుల సంఖ్య ఇప్పటి ఒక మామూలు యూట్యూబ్ వీడియోకు వచ్చేంత కూడా ఉండేది కాదు, సాంకేతికంగా అన్నీ కుంటినడకే. కాని ఆ అమరికలో ఒక గుణం ఉంది: రాతలను భద్రపరిచేవాడు వేరు, పేర్చేవాడు వేరు. ట్రాయ్ 2016లో మోసేవాడినీ ఎంచేవాడినీ విడదీసినట్టే, భద్రపరిచేవాడినీ పేర్చేవాడినీ విడదీయడం ఆ సూత్రానికి సహజమైన తర్వాతి అడుగు.

ఇది ఊహ కూడా కాదు. బ్లూస్కై అనే సామాజిక మాధ్యమం 2023 మేలో ఎవరైనా తమ సొంత ఫీడును తయారుచేసి ఇతరులకు ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. అవే రాతలు, ఎవరికి నచ్చిన వరుస వారికి. ఐరోపా డిజిటల్ సేవల చట్టం కింద నాలుగున్నర కోట్లకు పైగా వినియోగదారులున్న వేదికలు, వ్యక్తిగత సమాచారాన్ని తవ్వి లెక్క వేయని వరుసను కనీసం ఒకదాన్ని ఇవ్వాలి, తమ లెక్కలోని ముఖ్యమైన కొలమానాలను నిబంధనల్లో రాసి చెప్పాలి. 2023 ఆగస్టు నుంచి పెద్ద వేదికలకు ఇది వర్తిస్తోంది. లెక్కను బయటపెట్టడం ఒక్కటే చాలదని కూడా గుర్తుంచుకోవాలి. 2023 మార్చి చివర ట్విట్టర్ తన సిఫారసుల కోడులో కొంత బయటపెట్టినప్పుడు, రాసింది ఎలాన్ మస్క్‌ అవునా కాదా అని విడిగా గుర్తించే చిన్న పంక్తి అందులో జనానికి కనపడింది. గణాంకాల కోసమేనని చెప్పి దాన్ని తీసేశారు. నవ్వుకున్నాం, ఆ పూట గడిచింది. ఫీడు మాత్రం యజమాని చేతిలోనే ఉంది. చూడగలగడం వేరు, వదిలి వెళ్లగలగడం వేరు.

వదిలి వెళ్లడం తేలికేనని, ఒక్క క్లిక్కు దూరంలోనే పోటీదారుడు ఉన్నాడని ఈ సంస్థలు అంటాయి. గూగుల్ శోధనపై అమెరికాలో నడిచిన కేసులో 2024 ఆగస్టున న్యాయమూర్తి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పులో దీనికి జవాబు ఉంది. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగానే తన శోధన ఉండేందుకు 2021 ఒక్క ఏడాదిలో గూగుల్ 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. జనం అంత సులువుగా మారిపోయేవాళ్లయితే, వాళ్లు మారకుండా ఉండేందుకు అంత డబ్బు ఎవరు పోస్తారు? మన కాంపిటీషన్ కమిషన్ కూడా భారత్‌మాట్రిమొనీ యజమానులు చేసిన ఫిర్యాదు మీద విచారించి, శోధన ఫలితాల్లో పక్షపాతం చూపినందుకు 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫలితాల పేజీలో విమాన టికెట్ల పెట్టె ఎక్కడ ఉండాలన్నది ఆ కేసులో తేల్చిన విషయాల్లో ఒకటి. వరుసలో పై చోటు దక్కకపోతే వ్యాపారికి జరిగే నష్టాన్ని కొలవడానికి మనకు ఒక కమిషన్ ఉంది. అదే వరుస వల్ల పాఠకుడికి జరిగే నష్టాన్ని వినడానికి ఎవరూ లేరు.

నా ప్రతిపాదన మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి వచ్చింది. వరుస పేర్చే పనిని బయటివాళ్లకు ఇస్తే, ప్రతి పార్టీ తన ఫీడు తయారుచేసి కార్యకర్తలకు పంచుతుంది, జనం ఇప్పటికన్నా గట్టిగా ఎవరి గదిలో వారు తలుపు వేసుకుంటారు అని. జరగవచ్చు. అయితే అప్పుడు ఆ గదికి బయట పేరు రాసి ఉంటుంది, ఫలానా పార్టీ వరుసను నేను చదువుతున్నానని చదివేవాడికి తెలుసు, పక్కవాడూ అదే వరుసను తెరిచి చూసి ఇదిగో ఇది దాచారు అని చూపించగలడు. పార్టీ పత్రికలతో తెలుగు పాఠకుడు దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. తెలుగులో వరుస పేర్చే చిన్న సంస్థకు ప్రకటనల ఆదాయం చాలదు, అది చందాదారుల మీదో విశ్వవిద్యాలయాల మీదో గ్రంథాలయ సంస్థల మీదో ఆధారపడక తప్పదు. అన్ని వేదికలకూ ఈ భారం వేయకూడదని కూడా నేను ఒప్పుకుంటాను. పదివేలమంది సభ్యులున్న ఒక తెలుగు సాహిత్య వేదిక తన రాతలను తనకు నచ్చినట్టు పేర్చుకోవచ్చు, నచ్చనివాళ్లను పంపించేయవచ్చు. అలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది.

చట్టం చేయడానికి చోటు లేకపోలేదు. 2024 మార్చిలో కేంద్ర కమిటీ ఒకటి డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాను నివేదికతో పాటు బయటపెట్టింది. శోధన యంత్రాలు, సామాజిక మాధ్యమాలు, వీడియో వేదికలు అందులోని కీలక డిజిటల్ సేవల జాబితాలో ఉన్నాయి. ఒక పరిమాణం దాటిన సంస్థలు తమ సొంత సరుకును ముందుకు తోసుకోకూడదన్న నియమం ఉంది. ఆ బాధ్యతల్లో ఎక్కువ భాగం ఆ వేదికల మీద వ్యాపారం చేసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. చదివేవాడి వైపునుంచి అందులో చేర్చవలసినవి మూడే: వినియోగదారు కోరితే అతని ఫీడును బయటి సంస్థ పేర్చడానికి వేదిక వీలు కల్పించాలి, వినియోగదారు ఒకసారి ఎంచుకున్న వరుసను యాప్ తనంతట తాను మార్చకూడదు, ఒక రాతను అడుగుకు నెట్టినప్పుడు రాసినవారికి కారణం వారి భాషలోనే చెప్పాలి. మూడోది కాగితం మీద అన్నిటికన్నా చిన్నదిగా కనపడుతుంది గాని, తెలుగు తెలిసిన మనుషులను జీతమిచ్చి పెట్టుకోకుండా ఏ సంస్థా దాన్ని పాటించలేదు.